ఆరో నంబరు గుడారం

శనివారం నాలుక్కల్లా వొచ్చేత్తారు,
ఆనందపురం పూల మార్కెట్టు దాటి
మట్టి రోడ్డు మీద కార్లు కప్పల్లాగ గెంతుకుంటా.
దిగీ దిగకుండా అందరి నోటా ఒకటే మాట:
"ఇక్కడ పాములున్నాయా?"
ఉంటాయి తల్లీ, ఆటి ఊరే కదా ఇది, అనేదాన్ని.
మేనేజరు బాబు అలగ సెప్పొద్దన్నాడు.
నవ్వుతా, "నేవు మేడం" అనాలంట.

గుడారాలు పన్నెండు. మేకులు కొట్టేది నాను.
గంభీరం గెడ్డ గట్టు మీద నేల రాయి,
నీటికి పదడుగుల్లో జారుడు మన్ను.
అక్కడ మేకు ఏటవాలుగా దిగాల,
నేకపోతే అర్ధరేతిరి కొండగాలికి
గుడారం గొడుగైపోద్ది, లోపలున్నోల్లు కోడిపిల్లలైపోతారు.
ఇది నాకెవులూ నేర్పనేదు.
మొదటేడు మూడు గుడారాలు గెడ్డలోకెల్లిపోతే నేర్సుకున్నాను.

మొన్న శనివారం
ఎంవీపీ కాలనీ జంట, మూడో నంబరు.
వొచ్చిన కాణ్ణించీ మాటల్నేవు.
మంట కాడ ఒక్క జొన్నపొత్తే తీసుకుని
ఆ కొసన ఆయన, ఈ కొసన ఆవిడ.
కోపమో పొదుపో నాకెరిక నేదు.
మద్దిలపాలెం కుర్రోల్లు ఎనిమిది మంది,
ఆల్లతో పాటు తొమ్మిదోది స్పీకరు.
పదకొండున్నరకి దాని బేటరీ సచ్చింది.
అప్పుడు గాని కప్పలకి వొంతు రానేదు.

ఆరో నంబరులో ఉక్కునగరం ఓల్లు.
తండ్రి, తల్లి, నాలుగో తరగతి గుంటడు, పేరు లోహిత్.
పన్నెండు దాటినాక జిప్పు సప్పుడైతే
టార్చి ఎత్తి సూసినాను.
గుమ్మంలో ఆడే, దుప్పటి కప్పుకుని.
"ఆంటీ, ఇక్కడ ఆకాశం ఎందుకు ఆరిపోయింది?"

నాకు ముందర అర్తం కానేదు.
సుక్కలు ఉప్పు సల్లినట్టున్నాయి,
డబ్బులిచ్చి మరీ వొచ్చేది ఆటి కోసమే కదా అందరూ.
ఆడు సుక్కల్ని సూడ్డం నేదు,
దక్షిణం దిక్కు ఎతుకుతున్నాడు.
ఆల్లింటి కిటికీలో రేతిరి ఎర్రగా ఉంటాదంట.
ప్లాంటులో కరిగిన సిట్టెం పారబోసినప్పుడల్లా
మబ్బు అంచు నిప్పయి, మల్లీ సల్లారి.
ఆ ఎలుతుర్లో పుట్టినాడు, ఆ ఎలుతుర్లో నిద్దరోతాడు.
"ఈ నలుపు నాకు అలవాటు లేదు" అన్నాడు,
కూర నచ్చనేదన్నట్టు.

ఆల్ల నాన్న అప్పటికే నీటంచున కూసున్నాడు.
ఇరవయ్యేల్లు ఫర్నేసు కాడ పని,
సప్పుడు నేకపోతే సెవులు మూతపడవంట.

స్నానాల గదికెల్లి ఎర్ర పలాస్టిక్కు మగ్గు తెచ్చి
టార్చి ఎలిగించి దాని మీద బోర్లించినాను,
గుడారం తలకాడ, బయట.
గుడ్డంతా మెల్లగా ఎర్రబడింది.
లోపల్నించి మాట నేదు. కాసేపటికి గురక.
ఇంత గుంటడికి అంత గురకేటో.
ఆల్ల నాన్న నీటికాణ్ణించి ఇటు తిరిగి సూసినాడు.
సూసి, మల్లీ నీటికేసి తిరిగినాడు.
గెడ్డలో సిన్న ఎర్ర మరక ఊగతన్నాది.

తెల్లారి అందరూ టీలు తాగి
"ఎంత ప్రశాంతంగా ఉందో" అన్నారు.
స్పీకరు కుర్రోల్లూ అన్నారు.
మూడో నంబరాయన ఆవిడ జడలోంచి గడ్డిపరక తీత్తన్నాడు.
ఆవిడ తీయనిత్తన్నాది.
లోహిత్ నాతో ఏటీ అన్నేదు. కారెక్కీదాకా
ఆ మగ్గు సంకనెట్టుకు తిరిగినాడు,
ఎక్కేటప్పుడు నా సేతిలో ఎట్టి పోయినాడు.
అడుగున పురుగులు రెండు సచ్చున్నాయి.
కడిగి బకెట్లో పడేసినాను.

మేకులు పీకుతుంటే
ఆరో నంబరు ముందర తడిమన్నులో
నీటికాణ్ణించి గడ్డిదాకా వొంకరటింకర గీత,
మగ్గు ఎట్టిన సోటుని సుట్టి మరీ ఎల్లింది.
కాలితో సెరిపేసినాను.

నేవు మేడం.